వెనక సీటు ప్యాకేజీ

అప్ప కొనబోయే కారు పుస్తకం ఆ వానాకాలమంతా మా భోజనాల బల్ల మీదే ఉంది. దాన్ని పుస్తకం అనే అనాలి. దళసరి కాగితం, కుట్టిన వీపు, నల్ల అట్ట మీద సన్నటి వెండి గీత. నేను ఒక కాలేజీ లైబ్రరీలో కొత్త పుస్తకాలను జాబితాలో ఎక్కించే ఉద్యోగం చేస్తాను. చేతికి వచ్చింది ఏదైనా మొదటి పేజీ నుంచి చదవడం నాకు అలవాటు. అందుకని మా ఇంట్లో ఆ కారు పుస్తకాన్ని ఆసాంతం చదివినది నేనొక్కదాన్నే. కొనేది మాత్రం నేను కాదు. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు.

అప్ప అంటే అక్క. బెంగాలు రైల్వే ఊరు సంత్రాగాఛిలో పుట్టి పెరిగినా మేం శ్రీకాకుళం వైపు మనుషులం, అక్కని అలాగే పిలుస్తాం. అప్ప కార్గో సర్వేయరు. ఓడలో వచ్చిన సరుకు తడిసినా, విరిగినా, ఎంత పాడైందో ఎందుకు పాడైందో చూసి ఇన్సూరెన్సు వాళ్ళకి రాసిచ్చే పని. ఏక్‌బాల్‌పూర్‌లో డాక్కు దగ్గర రెండు గదుల ఆఫీసు పెట్టి, పదేళ్ళలో దాన్ని ఒక అంతస్తు చేసింది. ఇనుప నిచ్చెనలు ఎక్కి ఓడ కడుపులోకి దిగే మనిషి. ఆవిడ ముందు నేను ఎప్పుడూ కొంచెం నెమ్మదిగా మాట్లాడతాను.

"ఒలే, ఆ ఇంజన్ల సంగతేటో నాన్నకి తెలుగులో చెప్పు," అంది ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి చేపల పులుసు తిన్న తరవాత.

నేను పుస్తకం తీసి చెప్పాను. ఈ కారు రెండు ఇంజన్లతో వస్తుంది. ఒకటి పెట్రోలు, నాలుగు సిలిండర్లు. రెండోది డీజిలు, ఆరు సిలిండర్లు, బలం ఎక్కువ, ధర కూడా ఎక్కువ.

"ఆరా?" అన్నాడు నాన్న. "నా బండికి పదారు. ఈల్లు ఆరింటికే ఇంత పుస్తకం రాసినారేటి?"

నాన్న రైలింజను డ్రైవరు. రిటైరై చాలా కాలమైంది. రైల్వే ఆ ఉద్యోగం పేరు మార్చి లోకో పైలట్ అంది గానీ, మా చర్చిలోనూ పాత క్వార్టర్సు వాళ్ళలోనూ ఆయన ఇప్పటికీ డ్రైవరు గారే. పెళ్ళిళ్ళలో ముందు వరసలో కుర్చీ వేసి "డ్రైవరు గారూ, ఇలా రండి" అంటారు. అమ్మ డ్రైవరు గారి భార్య, మేమిద్దరం డ్రైవరు గారి పిల్లలం. అలాంటి మనిషికి కారు నడపడం రాదు. ఆయన నడిపినవాటికి స్టీరింగు లేదు మరి.

"ఆరు సిలిండర్లదే తీసుకో," అన్నాడు. "లోడు మీద ఏడవదు."

"నాన్నా, నేను బొగ్గు మోయను కదా."

"ఏం మోసినా మొయ్యకపోయినా ఇంజను గట్టిదై ఉండాల."

అప్ప పుస్తకం తన వైపు తిప్పుకుని మధ్యలో ఒక పేజీ తెరిచింది. వెనక సీటు బొమ్మ. పాలమీగడ రంగు తోలు, కాళ్ళు చాపుకోవడానికి మెత్తటి పీట, కిటికీలకీ వెనకద్దానికీ మీట నొక్కితే లేచే తెరలు. సీటు వెనక్కి వాలుతుంది, వీపు నొక్కుతుంది. వెనక సీటు ప్యాకేజీ అని దాని పేరు. ఇంజను మీద ఆదా చేసిన డబ్బు దానికి సరిపోతుందని అప్ప లెక్క.

"ఇది చాలు నాకు. డ్రైవర్ని పెట్టుకుంటాను. వెనకాల కూచుని రిపోర్టులు రాసుకుంటాను."

"పడుకోడానికి ఇంట్లో మంచం ఉంది కదేటి," అన్నాడు నాన్న.

"మీరు ఊరుకోండి," అంది అమ్మ. "దానికి ఎలా బాగుంటే అలా కొనుక్కుంటాది. వెనకాలే కూచోవే తల్లీ. వెనకే మంచిది."

ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. అమ్మ కంచాలు తీసేసింది.

ఎందుకు మాట్లాడలేదో చెప్పాలి. అంతకు ముందు ఏడు దాకా అప్పకి ఒక చిన్న కారు ఉండేది. ఓడ ఏ వేళకి వచ్చినా తనే నడుపుకుంటూ వెళ్ళేది. ఆ ఏడు వర్షాల్లో, కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీద, ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. అప్ప ఎడమకి తిప్పింది. ఎడమ పక్కన సైకిలు మీద ఒకాయన ఉన్నాడు. కారు అద్దం తగిలి పడిపోయాడు. చెయ్యి విరిగింది. అప్పే ఆసుపత్రికి తీసుకెళ్ళింది, కట్టు విప్పేదాకా వారం వారం వెళ్ళి చూసి వచ్చింది. ఆయన మంచివాడు. వానలో నేనూ చూసుకోలేదమ్మా అన్నాడు. ఇప్పుడు మళ్ళీ సైకిలు తొక్కుతున్నాడు. అప్ప మాత్రం ఆ సాయంత్రం నుంచి స్టీరింగు ముట్టుకోలేదు. చిన్న కారు అమ్మేసింది. ఆఫీసుకి ఫోనులో పిలిచే క్యాబుల్లో వెళ్ళడం మొదలుపెట్టింది. రాత్రి వేళ ఓడ వస్తే క్యాబు దొరక్క, తన కింద పనిచేసే వాళ్ళని పంపేది. తను దిగాల్సిన ఓడల్లోకి వేరేవాళ్ళు దిగేవారు. అప్పుడు ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కునేది.

పెద్ద బరువైన కారు అయితే నీకేమీ కాదు అని అమ్మ ఒకసారి అంటే అప్ప, "నాకేదో అవుతాదని కాదమ్మా," అంది. అంతకు మించి చెప్పలేదు.

కాబట్టి ఆ కారు గురించి మా ఇంట్లో జరిగిన మాటలన్నీ ఒక్క దాని గురించే. అప్ప మళ్ళీ నడుపుతుందా, లేక ఇక మీద వెనకే కూర్చుంటుందా. అది మాత్రం ఎవరూ అనలేదు. నాన్న ఇంజను గురించి మాట్లాడేవాడు, అప్ప సీట్ల గురించి మాట్లాడేది, నేను మధ్యలో కూర్చుని ఇంగ్లీషుని తెలుగు చేసేదాన్ని. రాత్రి డైరీలో మాత్రం తిన్నగా రాసుకున్నాను, అప్ప కారు కొనడం లేదు, కారు మానేస్తోంది అని.

షోరూముకి ఒక శనివారం వెళ్ళాం. నాన్న పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. అమ్మ రానంది. బయల్దేరేటప్పుడు మాత్రం, "వెనకద్దం పెద్దదేనా చూడండి," అంది. ఎందుకో అప్పుడు ఎవరూ అడగలేదు.

బైపాస్ పక్కన నాలుగు అంతస్తుల గాజు మేడ. బయట చెమట, లోపల ఆసుపత్రి చల్లదనం. గుమ్మంలోనే మా గొడుగులు తీసుకుని ప్లాస్టిక్ తొడుగులు తొడిగారు. అప్పకి ఫోను వచ్చి మెట్ల దగ్గరే ఆగిపోయింది. నేనూ నాన్నా లోపలికి వెళ్ళాం. టై కట్టుకున్న ఒక సన్నటి బెంగాలీ అబ్బాయి చేతులు జోడించి ఎదురొచ్చాడు. మేడమ్ బయట ఉన్నారా, వస్తున్నారా అని నన్ను అడిగాడు. తలూపాను. తరవాత నాన్న వైపు తిరిగి చాలా మర్యాదగా, "ఆర్ ఆపని, కాకు?" అన్నాడు. మీరెవరు బాబాయ్ అని.

నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిలో చెప్పినట్టే, నేను డ్రైవర్నని చెప్పాడు.

"ఆమి డ్రైవార్."

ఆ అబ్బాయి మొహంలో మర్యాద ఏమీ తగ్గలేదు. "ఆషున్ కాకు, ఆషున్," రండి రండి అంటూ పక్కనున్న గాజు తలుపు తీసి నాన్నని లోపలికి తీసుకెళ్ళాడు. ఒక బల్ల, కొన్ని కుర్చీలు, గోడకి టీవీ. యూనిఫారాలు వేసుకున్న ముగ్గురు టీ తాగుతున్నారు. వచ్చిన వాళ్ళ డ్రైవర్లు కూర్చునే గది అది. నాన్న దర్జాగా వెళ్ళి కూర్చున్నాడు. డ్రైవరంటే ఇక్కడ ప్రత్యేకంగా గది కూడా ఇస్తారనుకున్నట్టున్నాడు. ఇది తప్పు అని బెంగాలీలో ఎలా చెప్పాలో నేను లోపల వాక్యం కూర్చుకునే సరికి తలుపు మూసుకుపోయింది.

అప్ప లోపలికి వచ్చి, "నాన్నేడీ?" అంది.

చూపించాను. అప్ప మొహం ఎర్రబడింది. ఆ అబ్బాయికి విషయం తెలిసేసరికి అతని చెవులూ ఎర్రబడ్డాయి. రైలింజను డ్రైవరా, ఛి ఛి, నేనెంత పని చేశాను దీదీ అంటూ పరిగెత్తాడు. నాన్న అప్పుడే బయటికి రావడానికి ఇష్టపడలేదు. టీ సగమే అయింది.

"ఏటి నాన్నా, అక్కడ కూచోబెడితే కూచున్నావా?" అంది అప్ప తెలుగులో, గొంతు తగ్గించి.

"డ్రైవరన్నాను. డ్రైవర్ల గదిలో కూకోబెట్టినాడు. తప్పేటున్నాది?"

"తప్పు కాదు గానీ..."

"మంచోల్లు. ఆ మీసాలాయన పాట్నా మనిషి. ఆల్ల మేడమ్ వెనకాల కూకుని రోడ్డెరగదట. ఇంటి కాడ ఎక్కి ఆఫీసు కాడ దిగుతాది. మధ్యలో ఏ ఊరొచ్చిందో ఆమెకి తెల్దట." టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "బండి కొన్నప్పుడు ఇంజను ఏది కావాలని ఈల్లనెవులూ అడగనేదట. నడిపేవోన్ని అడగరేటి?"

ఆ అబ్బాయి మమ్మల్ని ముగ్గుర్నీ మేడ మీదికి తీసుకెళ్ళి, గోడంత తెర ముందు మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టాడు. నాన్నకి అందరికంటే పెద్ద కుర్చీ ఇచ్చాడు. తెర మీద కారు బొమ్మ నెమ్మదిగా తిరుగుతోంది. రంగు నొక్కితే రంగు మారుతుంది, చక్రం నొక్కితే చక్రం మారుతుంది. ముందుగా ఒక ప్రశ్నకి జవాబు ఇస్తేగాని ఆ మిషను ముందుకు వెళ్ళదు. ఆ అబ్బాయి దాన్ని చదివి చెప్పాడు. జీతం మీద నడిపే డ్రైవరుకి అందులో షోఫర్ అని పేరు.

"షోఫర్ నడుపుతాడా దీదీ, మీరే నడుపుతారా?"

నేను అప్ప చేతుల వైపు చూశాను. ఉంగరాన్ని వేలి చుట్టూ తిప్పుతోంది.

"షోఫర్," అంది.

అక్కణ్ణుంచి అతను చకచకా సాగిపోయాడు. అయితే పెట్రోలు ఇంజను చాలు, డబ్బంతా వెనక్కి పెట్టండి. వాలే సీటు, వీపు నొక్కే మిషను, వెనక్కి వేరే ఏసీ, తెరలు. ఒక్కొక్కటి నొక్కుతుంటే బొమ్మలో కారు వెనక భాగం చిన్న గదిలా తయారైంది. ముందు భాగం చీకట్లో ఉండిపోయింది. నాన్న తెర వైపు చూడటం మానేసి కిటికీలోంచి బైపాస్ మీద వెళ్ళే బస్సుల్ని చూస్తున్నాడు.

అప్పుడే అమ్మ ఫోను చేసింది. అప్ప స్పీకరు పెట్టింది.

"వెనకద్దానికి తెర వస్తాదని చిన్నది చదివింది కదా. వద్దని చెప్పు."

"ఎందుకమ్మా?"

"వాక్యం అంటించొద్దా? తెర లేస్తే వాక్యం ఎవరికి కనబడతాదే?"

మా చర్చిలో ఎవరు బండి కొన్నా వెనకద్దం మీద బైబిల్లోంచి ఒక వాక్యం తెలుగులో అంటిస్తారు. ఆటో అయినా సరే, లారీ అయినా సరే. ఆ అబ్బాయి ఏమైంది దీదీ అని అడిగాడు. అప్పకి నవ్వొచ్చి చెప్పలేకపోయింది. నేను చెప్పాను. అతను చాలా గంభీరంగా ఆలోచించి, తెర కిందికి దించుకుంటే కనబడుతుంది కదా మాషీమా అన్నాడు ఫోనులోకి. మాషీమా అంటే పిన్నిగారూ అని.

"ఎండొస్తే ఎత్తుతారు కదా నాయనా," అంది అమ్మ బెంగాలీలో. "ఎండలో వాక్యం వద్దా?"

ఆ విషయం తరవాత చూద్దామని, ముందు బండి ఎక్కి చూడమని అతను మమ్మల్ని కిందికి తీసుకొచ్చాడు. షోరూములో తిప్పి చూపించడానికి ఉన్నది డీజిలు బండి, ఆరు సిలిండర్లది. సీట్లు మాత్రం మేం అనుకున్నవే. అతనే నడిపాడు. నన్ను ముందు ఎడమ సీట్లో కూర్చోమన్నారు. నాన్నా అప్పా వెనక కూర్చున్నారు.

బండి కదిలినట్టు కూడా తెలియలేదు. బైపాస్ మీద ఎప్పటిలాగే రద్దీ. అద్దాలు ఎత్తగానే ఆ రద్దీ మూకీగా మారింది. ఆ అబ్బాయి అద్దంలోంచి చూస్తూ, ఆ మీట నొక్కండి కాకు అన్నాడు. నాన్న సీటు వెనక్కి వాలింది, కాళ్ళ కింద పీట లేచింది. అప్ప కూడా తన సీటు వాల్చుకుని కళ్ళు మూసుకుంది.

"నాకు కడుపులో తిప్పుతన్నాది," అన్నాడు నాన్న.

వెనక్కి తిరిగి చూశాను. నుదురంతా చెమట. ఏసీ చల్లగానే ఉంది.

"ఏటి నాన్నా, బీపీయా?" అప్ప కళ్ళు తెరిచింది.

"బీపీ కాదు. పైకప్పు కనబడతన్నాది గానీ రోడ్డు కనబడతం నేదు. రోడ్డు కనబడకండా మనిసెలగ కూకుంటాడే? నన్ను ముందుకి రానీండి."

బండి పక్కకి ఆపారు. నాన్న నా సీట్లోకి వచ్చాడు, నేను వెనక్కి వెళ్ళాను. రోడ్డు కనబడగానే ఆయన చెమట ఆరిపోయింది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఎదర సిగ్నలు పడింది.

"ఎర్ర," అన్నాడు.

బండి ఆగింది. ఆ అబ్బాయి నాన్న వైపు చూశాడు. నాన్న ఇంకోసారి అన్నాడు, కొంచెం గట్టిగా.

"ఎర్ర."

"కాకు కీ బోల్‌ఛేన్?" అని అతను కంగారుగా నన్ను అడిగాడు. ఏమంటున్నారు అని.

ఆ రోజు నేను తడబడకుండా చెప్పిన మాట అదొక్కటే. రైలింజనులో ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. సిగ్నలు కనబడగానే ఒకరు రంగు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు అదే మాట తిరిగి అనాలి. అనకపోతే చూడనట్టే లెక్క. నాన్న ఎవరో ఒకరు అంటారేమోనని చూస్తున్నాడు.

అతను సర్దుకుని ఏదో అనబోయేలోగా నా పక్కనుంచి వినిపించింది.

"ఎర్ర," అంది అప్ప. పడుకునే అంది, కళ్ళు సగం మూసే ఉన్నాయి.

సిగ్నలు మారింది. "పచ్చ," అన్నాడు నాన్న.

అప్ప నుంచి జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఎందుకంటే పడుకున్న చోటు నుంచి ఆవిడకి సిగ్నలు కనబడదు. మీట చప్పుడు సన్నగా వినిపించింది. సీటు మెల్లగా పైకి లేస్తోంది. అంత ఖరీదైన సీటు, తీరిగ్గా లేచింది. అది పూర్తిగా నిలబడేదాకా ఆగకుండా అప్ప రెండు సీట్ల మధ్యలోంచి మెడ చాచి ముందుకి చూసింది.

"పచ్చ."

అలా సైన్స్ సిటీ దాటాం, ఇంకా ముందుకి వెళ్ళాం. ఎర్ర, ఎర్ర. పచ్చ, పచ్చ. సిగ్నలు లేని చోట నాన్న ఇతర విషయాలు కూడా చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమ బస్సు. ఎదర తోపుడు బండి. గొడుగు ముసలమ్మ. అప్ప ప్రతిదీ తిరిగి అంది. ఆ అబ్బాయికి తెలుగు రాదు గానీ, వాళ్ళిద్దరి మాటలకి తగ్గట్టుగా తనకి తెలియకుండానే చాలా జాగ్రత్తగా నడిపాడు.

న్యూ టౌన్‌లో రోడ్డు వెడల్పుగా, శనివారం మధ్యాహ్నం కాబట్టి ఖాళీగా ఉంది. నాన్న ఆపమన్నాడు. దిగి వెనక తలుపు తీసి, "దిగు," అన్నాడు అప్పతో.

"వద్దు నాన్నా."

"నడపమననేదు. ముందుకొచ్చి కూకో."

"నువ్వు ఎందుకంటున్నావో నాకు తెలుసు."

"తెలిస్తే మంచిదే. బేగి రా, ఎండగున్నాది."

అప్ప దిగింది గానీ డ్రైవరు సీటు తలుపు దగ్గర ఆగిపోయింది. ఆ అబ్బాయి అప్పటికే దిగి దూరంగా చెట్టు కింద నిలబడ్డాడు. నేను కారులోనే ఉన్నాను. వెనక తలుపు తెరిచే ఉంది కాబట్టి వాళ్ళ మాటలు నాకు వినిపిస్తున్నాయి.

"గుద్దీసుకుంటానని భయమా?" అన్నాడు నాన్న.

"ఆ రోజు అతను నాకు కనబడ్డాడు నాన్నా," అంది అప్ప. "అందరూ వానలో కనబడలేదనుకుంటున్నారు. కనబడ్డాడు. పసుపు రంగు ప్లాస్టిక్ కప్పుకున్నాడు. చూశాను. చూసి కూడా నాకు తెలీలేదు. చూసినట్టే తెలీలేదు. మళ్ళీ అలా అయితే?"

నాన్న ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. కారు పైకప్పు మీద చెయ్యి పెట్టి కాసేపు రోడ్డు చివరికి చూశాడు.

"నా బండి కింద ఎంతమంది పడ్డారో నీకెప్పుడైనా సెప్పినానా?"

"లేదు."

"సెప్పను కూడా. మీ అమ్మకీ సెప్పనేదు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఒకోసారి బ్రేకేసినా ఆగదు. కనబడతాడు, ఆగదు. మర్నాడు డ్యూటీ ఉంటాది. ఎలగెల్లినాననుకున్నావు? నోటితో అనుకుంటా ఎల్లినాను. అసిస్టెంటు అన్నా అనకపోయినా నాను అనీవోన్ని. కన్ను సూసింది నోరు అంటాది, నోరన్నది సెవిలో పడతాది. అప్పుడది నాకు తెలిసినట్టు. ఇంకేటీ మందు నేదు."

నాన్న ఇంట్లో డ్యూటీ గురించి చెప్పే కథలన్నీ నవ్వొచ్చేవి. గేదెల కథలు, టీ అమ్మేవాళ్ళ కథలు, పొగమంచులో స్టేషను దాటిపోయిన అసిస్టెంటు కథ. డ్యూటీ నుంచి వచ్చి కొన్ని రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లో కూర్చునేవాడు. నిద్ర చాలలేదని అమ్మ చెప్పేది. ఆ రోజులేమిటో నాకు అప్పుడు తెలిసింది. కారు తలుపు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అప్ప సీట్లో కూర్చుంది. అద్దాలు సరిచేసుకుంది. చాలా సేపు సరిచేసుకుంది. ఆ అబ్బాయి పరిగెత్తుకొచ్చి నా పక్కన ఎక్కి, దీదీకి లైసెన్సు ఉందా అని నన్ను గుసగుసగా అడిగాడు. ఉందన్నాను. అతను బెల్టు పెట్టుకుని దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

గొప్పగా నడిపిందని రాయలేను. నడిచి వెళ్ళేవాళ్ళు మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా నడిపింది. ఒక టోటో, అదే బ్యాటరీ రిక్షా, పక్క సందులోంచి వస్తే "టోటో" అని నాన్న కంటే ముందు తనే అరిచి, ఎంత గట్టిగా బ్రేకు వేసిందంటే మా నలుగురి తలలూ ఊగాయి. టోటో అతను ఏదో తిట్టి వెళ్ళిపోయాడు. "టోటో," అన్నాడు నాన్న తాపీగా, అతను వెళ్ళిపోయాక. తరవాతి గుండ్రటి మలుపు దాకా వెళ్ళి, తిరిగి బయల్దేరిన చోటికి వచ్చి ఆపింది. దిగి, మిగతా దూరం నువ్వే నడుపు భాయీ అని ఆ అబ్బాయికి సీటు ఇచ్చేసింది. తను నా పక్కన కూర్చుంది. సీటు వాల్చలేదు.

మళ్ళీ షోరూములో గోడ తెర ముందుకి వచ్చాం. ఇందాకటి బొమ్మ అక్కడే తిరుగుతోంది.

"మొదటికి వెళ్ళండి," అంది అప్ప. "ఆ షోఫర్ ప్రశ్న దగ్గరికి."

"దీదీ?"

"నేనే నడుపుతాను. అది నొక్కండి."

ఆ అబ్బాయికి ఉత్సాహం వచ్చింది. అలాగైతే డీజిలు, ఆరు సిలిండర్లు, ముందు స్పోర్ట్ సీట్లు, మీ కోసమే చేసినట్టుంటుంది అన్నాడు. నాన్న పెద్ద కుర్చీలో ముందుకి జరిగాడు.

"కాదు. పెట్రోలే ఉంచండి. నాలుగు చాలు."

"నాలుగేటే?" అన్నాడు నాన్న. ఆయనకి నిజంగానే బాధ కలిగింది. "ఇంతా సేసి నాలుగా?"

"నాకు బలం అక్కర్లేదు నాన్నా. కనబడాలి."

ఆ వెనక సీటు ప్యాకేజీ తీయించేసింది. తెరలు పోయాయి. కాళ్ళ పీట పోయింది. ఆ డబ్బుతో నాలుగు పక్కలా చూపించే కెమెరాలు, పక్కన ఎవరైనా ఉంటే అద్దంలో దీపం వెలిగించే ఏర్పాటు, మలుపులో దారి పక్కకి కూడా వెలుగు చూపే హెడ్‌లైట్లు పెట్టించింది. పుస్తకంలో ఆ పేజీలు ఎక్కడున్నాయో నేను చెప్తుంటే ఆ అబ్బాయి నొక్కుతున్నాడు. చివరికి అప్ప ఒకటి అడిగింది. వెనక సీటుకి ఇచ్చే వీపు నొక్కే మిషనూ, గాలి వచ్చే తోలూ ఇందాక నాన్న కూర్చున్న ముందు ఎడమ సీటుకి పెట్టగలరా అని.

అలా ఎవరూ అడగరు దీదీ అన్నాడు. డ్రైవరు సీటుకి అడుగుతారు, వెనక అడుగుతారు. ముందు ఎడమ పక్కన అయితే బాడీగార్డు కూర్చుంటాడు, లేకపోతే బ్యాగు పెడతారు. మేనేజర్ని అడిగి వస్తానని లేచాడు. అతను వచ్చేలోపల అప్ప అమ్మకి ఫోను చేసి, వెనకద్దానికి తెర లేదని మాత్రం చెప్పింది. అమ్మ దేవునికి స్తోత్రం అంది. ఎవరు నడుపుతారన్నది ఫోనులో అమ్మకి ఎవరూ చెప్పలేదు. అది ఇంటికెళ్ళాక వేరే కథ. రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

కారు రావడానికి కొన్ని నెలలు పడుతుందన్నారు. అప్ప సోమవారమే మా వీధి చివర ఉన్న డ్రైవింగ్ స్కూల్లో చేరింది. పద్దెనిమిదేళ్ళ పిల్లలతో పాటు వరసలో నిలబడింది. స్కూలు వాళ్ళది ఎర్ర ఎల్ అక్షరం అంటించిన పాత చిన్న కారు. ముందు ఎడమ సీట్లో నేర్పేవాడు కూర్చుంటాడు, అతని కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నాన్నకి చోటు వెనకే.

"వెనకైతే నీకు కడుపులో తిప్పుతాది కదా," అంది అప్ప. "రావద్దులే."

"మధ్యలో కూకుంటాను," అన్నాడు నాన్న.

అలాగే కూర్చునేవాడు. రెండు ముందు సీట్ల మధ్య ఖాళీలోంచి రోడ్డుకి ఎదురుగా, రెండు చేతులతో రెండు సీట్లూ పట్టుకుని. నేను ఒక పక్కన కిటికీ దగ్గర. లైబ్రరీకి ఆలస్యమవుతున్నా నేనూ వెళ్ళేదాన్ని. నేర్పేవాడు పొట్టిగా, లావుగా, ఎప్పుడూ పాన్ నములుతూ ఉండే మనిషి. మొదటి రోజు వెనకనుంచి ఒకరూ ముందు నుంచి ఒకరూ అరుస్తుంటే ప్రతిసారీ ఉలిక్కిపడి తన బ్రేకు తొక్కేవాడు. వారం గడిచేసరికి అలవాటు పడ్డాడు. ఒకసారి "పోచ్చో" అని తనూ అన్నాడు, బెంగాలీ యాసలో పచ్చ అని. నాన్న అతని భుజం తట్టాడు.

నేర్పేవాడు షాలిమార్ వైపు సందుల్లో తిప్పించాడు, గూడ్సు యార్డు గోడ పక్కన వెనక్కి నడిపించాడు. అప్ప భయం ఒక్కసారిగా పోలేదు. ఒకరోజు ఉండేది, ఒకరోజు ఉండేది కాదు. వర్షం పడిన రోజు ఇంటి దాకా రాకుండా దారిలోనే దిగి నడిచి వచ్చేసింది. ఆ రోజు నాన్న కూడా దిగి ఆవిడ వెనకాలే తడుస్తూ నడిచాడు.

పాఠాలు అయిపోవచ్చిన ఒక ఉదయం, మబ్బు పట్టి ఉంది. అప్ప బాగానే నడుపుతోంది. నేర్పేవాడు పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చి, సందుల్లో చాలు దీదీ, రేపు కోనా రోడ్డు ఎక్కుదాం, పెద్ద బండి తీసుకుంటున్నారు కదా అన్నాడు.

సైకిలాయన పడిన రోడ్డు అదేనని అతనికి తెలీదు. నాన్న చేతులు సీట్ల మీద బిగుసుకోవడం చూశాను.

ఎదర పెద్ద రోడ్డుకి తిరిగే చోటు వస్తోంది. అప్ప అద్దంలో చూసింది, తల తిప్పి పక్కకి కూడా చూసింది.

"ఎడమ సైకిలు," అంది. "ఇద్దరు."

"ఇద్దరు," అన్నాడు నాన్న.

వాళ్ళు దాటిపోయేదాకా ఆగింది. తరవాత నేర్పేవాడితో, "ఆజ్‌కేయ్ చోలున్," అంది. ఇవాళే వెళ్దాం అని. అతను తన కాలు బ్రేకు మీద పెట్టుకుని సర్దుకు కూర్చున్నాడు. అద్దం మీద వాన చినుకులు ఒకటీ రెండూ పడ్డాయి. అప్ప వైపరు వేసింది, ఇండికేటరు వేసింది, రోడ్డు ఎక్కింది.